తప్పు పుస్తకానిదా, పిల్లలదా? ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో కంప్యూటర్ చదువు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో సీ లాంగ్వేజ్ నేర్చుకోవాలనుకునే పిల్లలకు మొదటి పుస్తకం చాలాసార్లు కొని తెచ్చినది కాదు, చేతికి వచ్చినది. అన్న డిప్లొమాలో వాడి వదిలేసినది కావచ్చు. బదిలీ మీద వెళ్తూ పక్కింటివాళ్లు ఇచ్చినది కావచ్చు. కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్‌లో సగం ధరకు బేరమాడి తెచ్చినదీ కావచ్చు. అందులోని మొదటి ప్రోగ్రామును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి నడిపిస్తే కంప్యూటర్ ఒప్పుకోదు. ‘కోనియో.హెచ్’ అనే ఫైలు దొరకలేదంటుంది. రెండోసారి టైపు చేస్తారు, మూడోసారి చేస్తారు, కామాలు లెక్కపెడతారు. చివరికి తేల్చుకునేది ఒకటే: ‘ఇది నాకు రాదు.’ తప్పు పుస్తకానిదేమోనన్న అనుమానం ఆ వయసులో రాదు. అచ్చయినదాన్ని అనుమానించడం ఇళ్లలో ఎవరూ నేర్పరు కదా.

ఆ పుస్తకం రాసిన రోజున తప్పు కాదు. దానికి కాలం చెల్లింది, అంతే. కానీ ఆ ముక్క చెప్పేవారు పక్కన లేకపోతే ఒక విద్యార్థికి ఏడాది పోతుంది, కొందరికి ఆ దారే మూసుకుపోతుంది. అందువల్ల ఏ పుస్తకంతో మొదలుపెట్టాలన్నది చిన్న ప్రశ్నగా కనిపించినా చిన్నది కాదు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల విషయంలో దానికి ఇంకో చిక్కు కూడా తోడైంది. అది భాష.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టి, వర్క్‌షాప్ పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి నడిపిన కార్మిక సంఘం ఈ రైల్వేదే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్, దాని చుట్టుపక్కల ఉన్న తెలుగు జనమే. అయితే మూడో తరం, నాలుగో తరం పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో హిందీ, బెంగాలీ మాట్లాడతారు, చదువు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో సాగిస్తారు. తెలుగు వింటే పూర్తిగా అర్థమవుతుంది. చదవమంటే తడబడతారు. కాబట్టి విజయవాడలో ఒక తెలుగు విద్యార్థికి పనికొచ్చే సలహా ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

ఇదే ఊళ్లో, రైల్వే స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన దేశపు తొలి ఐఐటీ ఉంది. కంప్యూటర్ పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు కొందరు అక్కడే పాఠాలు చెబుతూ వచ్చారు. రాజీవ్ మాల్ రాసిన ‘ఫండమెంటల్స్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్’, దేబాశిస్ సామంత రాసిన ‘క్లాసిక్ డేటా స్ట్రక్చర్స్’ దేశమంతటా ఇంజినీరింగ్ కాలేజీల్లో చదువుతారు. ఊరికి, ఆ ప్రాంగణానికి మధ్య ఉన్నది పురీ గేట్ దాటే దూరం మాత్రమే కాదన్నది కూడా ఖరగ్‌పూర్‌లో అందరికీ తెలిసినదే.

టర్బో సీ వదలని ఊళ్లు

పాత పుస్తకం ఎందుకు మోసం చేస్తుందో తెలియాలంటే టర్బో సీ కథ తెలియాలి. బోర్లాండ్ కంపెనీ 1987లో తెచ్చిన ఈ కంపైలర్ డాస్ కాలం నాటిది. నీలం తెర, పసుపు అక్షరాలు. ప్రపంచం దాన్ని వదిలేసి ముందుకు వెళ్లిపోయాక కూడా భారతీయ కాలేజీ ల్యాబుల్లో అది రెండు దశాబ్దాలకు పైగా బతికింది. సిలబస్, ల్యాబ్ రికార్డు, వైవా ప్రశ్నలు అన్నీ దాని చుట్టూ అల్లుకున్నాయి. యశవంత్ కనేట్కర్ ‘లెటజ్ సీ’ దేశంలో ఎంతమంది చేత మొదటి ప్రోగ్రాం రాయించిందో లెక్కలేదు. దాని పాత ఎడిషన్లు టర్బో సీని దృష్టిలో పెట్టుకుని రాసినవే. తర్వాతి ఎడిషన్లలో రచయిత కొత్త కంపైలర్లకు మారారు. అంటే పుస్తకం పేరు ఒకటే, అట్ట మీది రచయిత పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. ‘ఆ పుస్తకం మంచిదట’ అని విని పాత ప్రతి తెచ్చుకున్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

తేడా ఎక్కడ వస్తుందో రెండు మూడు ఉదాహరణలు చాలు. పాత పుస్తకాల్లో ప్రతి ప్రోగ్రాం తెరను తుడిచే ‘క్లియర్‌స్క్రీన్’ ఆజ్ఞతో మొదలై, ఒక మీట నొక్కేదాకా ఆగే ‘గెట్‌సీహెచ్’తో ముగుస్తుంది. ఇవి సీ భాషలో భాగం కావు. డాస్ కంపైలర్లు విడిగా ఇచ్చిన సదుపాయాలు. లైనక్స్‌లో, ఫోనులోని కంపైలర్లలో ‘కోనియో.హెచ్’ అసలు ఉండదు. విండోస్‌లో ఆ ఫైలు దొరికినా తెర తుడిచే ఆ ఆజ్ఞ మాత్రం సాధారణంగా దొరకదు. రెండోది, ‘వాయిడ్ మెయిన్’ అని మొదలుపెట్టడం. సీ ప్రమాణం ప్రకారం అక్కడ ఉండవలసింది ‘ఇంట్ మెయిన్’. మూడోది ఇంకా లోతైనది. టర్బో సీలో పూర్ణాంకానికి రెండు బైట్లే కాబట్టి 32,767 దాటితే అంకె తిరగబడి మైనస్ 32,768 అవుతుంది. పాత పుస్తకాల్లో దీని మీద పరీక్ష ప్రశ్నలు కొల్లలు. ఈనాటి కంపైలర్లలో పూర్ణాంకానికి సాధారణంగా నాలుగు బైట్లు. అదే ప్రోగ్రాం నడిపిస్తే 32,768 అని శుభ్రంగా వస్తుంది. జవాబు పుస్తకంలో ఒకటి, తెర మీద ఒకటి. విద్యార్థి నమ్మేది పుస్తకాన్ని.

ఇంకా హానికరమైనవి ‘ఐ ప్లస్ ప్లస్’లను ఒకే వాక్యంలో మూడు నాలుగు కుప్పగా పోసి ‘జవాబు ఎంత?’ అని అడిగే ప్రశ్నలు. అలాంటి వాక్యానికి ఫలితం ఇదే రావాలని సీ ప్రమాణం చెప్పదు. ఒక కంపైలర్ ఒకటి ఇస్తుంది, ఇంకోటి ఇంకోటి ఇస్తుంది. దానికి ఒకే సరైన జవాబు ఉన్నట్టు అచ్చువేసిన పుస్తకం ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయవచ్చు. దుకాణంలో నిలబడి రెండు నిమిషాల్లో చేయగలిగిన పరీక్ష ఇది: మొదటి అధ్యాయంలో కోనియో ఉందా, చివరి ప్రశ్నల్లో ఈ గారడీ ఉందా చూడటం. రెండూ లేకపోతే పుస్తకం గొప్పదని కాదు, కనీసం దారి తప్పించేది కాదని.

పైథాన్‌లోనూ ఇదే తంతు. పైథాన్ 3 వచ్చింది 2008లో. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. మధ్యలో పన్నెండేళ్ల పాటు రెండు రకాల పుస్తకాలూ అచ్చయ్యాయి, ఇప్పుడు పాత పుస్తకాల గుట్టల్లో రెండూ కలిసే ఉన్నాయి. ‘ప్రింట్’ తర్వాత బ్రాకెట్ లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

నీలిట్ ‘ఓ లెవెల్’ సర్టిఫికెట్ కోసం చదివేవాళ్లు దీన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. ఆర్4 సిలబస్‌లో మూడో పేపర్ సీ ప్రోగ్రామింగ్. 2020లో అమల్లోకి వచ్చిన ఆర్5లో అదే మూడో పేపర్ పైథాన్ అయింది. రెండో పేపర్ వెబ్ డిజైనింగ్. అట్ట మీద ‘ఓ లెవెల్, మూడో పేపర్’ అని మాత్రమే చూసి కొంటే పూర్తిగా వేరే భాష నేర్చుకుని పరీక్షకు వెళ్లే ప్రమాదం ఉంది. సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో కూడా కొన్నేళ్ల క్రితం సీ++ పోయి పైథాన్ వచ్చింది. సుమితా అరోరా పుస్తకాలు రెండింటికీ ఉన్నాయి. అన్నయ్య పుస్తకం తమ్ముడికి పనికిరాని కాలం ఇది.

అయితే పాతదంతా చెత్త కాదు. బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ రాసిన ‘ద సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ 1978లో వచ్చింది, రెండో ఎడిషన్ 1988లో. ఇప్పటికీ అదే ఎడిషన్ అమ్ముడవుతోంది. సుమారు 270 పేజీలు. దాంట్లోని ప్రోగ్రాములు ఈనాటికీ దాదాపుగా నడుస్తాయి. ‘దాదాపుగా’ అనడానికి కారణం ఉంది. మొదటి ప్రోగ్రాంలోనే మెయిన్ ముందు ‘ఇంట్’ ఉండదు. 2024లో వచ్చిన జీసీసీ 14 దాన్ని తప్పుగా లెక్కించి తిప్పికొడుతుంది. ఒక్క మాట చేరిస్తే సరిపోతుంది, కానీ ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. పైగా అది ప్రోగ్రామింగ్ ఓనమాలు నేర్పే పుస్తకం కాదని రచయితలే ముందుమాటలో స్పష్టంగా రాశారు. ఇంటర్వ్యూల్లో దాని పేరు చెప్పుకుంటే గొప్పగా ఉంటుందని మొదటి పుస్తకంగా తెచ్చుకునేవాళ్లు మూడో అధ్యాయం దాటరు.

పెద్ద బాలశిక్ష ఉండవలసిన చోట శబ్దరత్నాకరం

లావు పుస్తకం కొంటే డబ్బు గిట్టుబాటైందన్న నమ్మకం తెలుగు ఇళ్లలో గట్టిగా ఉంది. హెర్బర్ట్ షిల్ట్ ‘జావా: ద కంప్లీట్ రిఫరెన్స్’ వెయ్యి పేజీలు దాటిన గ్రంథం. పేరులోనే ఉంది, అది రిఫరెన్స్. అవసరమైనప్పుడు తీసి చూసుకోవలసింది. దాన్ని మొదటి పేజీ నుంచి చదువుతూ జావా నేర్చుకోవడం శబ్దరత్నాకరం మొదటి పేజీ నుంచి చదువుతూ తెలుగు నేర్చుకోవడం వంటిది. ఓపిక ఉన్నవాళ్లు చాలా మాటలు నేర్చుకుంటారు, వాక్యం రాయడం మాత్రం రాదు. జావాకు ఓనమాల పుస్తకం కావాలంటే కేథీ సియెర్రా, బర్ట్ బేట్స్ రాసిన ‘హెడ్ ఫస్ట్ జావా’ నయం. బొమ్మలు, వెక్కిరింతలు, చేత్తో పూరించే అభ్యాసాలు ఉంటాయి. ఇది పిల్లల పుస్తకంలా ఉందే అని తండ్రులు మొహం చిట్లించే రకం. 2022లో వచ్చిన మూడో ఎడిషన్ చూసి తీసుకోవాలి. అంతకు ముందుది 2005 నాటిది.

పరీక్ష గైడు మరో జాతి. రైల్వే ఊళ్లో దీన్ని తక్కువ చేసి మాట్లాడటం కుదరదు. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు జూనియర్ ఇంజినీర్ పరీక్ష రెండో దశలో కంప్యూటర్ ప్రాథమికాంశాల మీద 10 ప్రశ్నలు ఉంటూ వచ్చాయి. ఎన్‌టీపీసీ జనరల్ అవేర్‌నెస్‌లోనూ ఈ అంశం ఉంది. ర్యామ్ అంటే ఏమిటి, ఎక్సెల్‌లో ఏ మీట ఏం చేస్తుంది వంటి ప్రశ్నలకు గైడు చాలు. దానికి వేరే పుస్తకం కొనడం దండగ. ప్రమాదం ఎక్కడంటే గైడు కంఠస్థం చేసినవాళ్లు కంప్యూటర్ నేర్చుకున్నామనుకోవడంలో. ఉద్యోగం వస్తే మంచిదే. రాకపోతే, ఆ కంఠస్థంతో ఒక బిల్లు తయారుచేసే ప్రోగ్రాం కూడా రాయలేరు.

సాఫ్ట్‌వేర్ వాడకం నేర్పే పుస్తకాలు, అంటే ట్యాలీ, ఎక్సెల్, ఫొటోషాప్, పేజ్‌మేకర్ వంటివాటివి, అన్నిటికన్నా త్వరగా పాతబడతాయి. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. అంతకు ముందటి ట్యాలీ పుస్తకంలో వ్యాట్ అధ్యాయం ఇప్పుడు చరిత్ర పాఠం. 2020 నవంబరులో ట్యాలీప్రైమ్ వచ్చాక తెర రూపమే మారింది. పుస్తకంలోని బొమ్మలో ఉన్న మీట తెర మీద ఉండదు. అయినా గోల్‌బజార్ దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగానికి కావలసింది మీటల వరస కాదు. డెబిట్ ఏది, క్రెడిట్ ఏది, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఎలా వస్తుంది అన్నవి. కాబట్టి ట్యాలీ నేర్చుకోవాలనుకునేవాళ్లు ట్యాలీ పుస్తకం కన్నా ముందు ఇంటర్మీడియెట్ స్థాయి అకౌంటెన్సీ పుస్తకం తెరవడం మేలు. మీటల సంగతి ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే సహాయ పేజీల్లో ఎప్పటికప్పుడు సరిచేసి ఉంటుంది. పేజ్‌మేకర్ మాట వేరు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చి రెండు దశాబ్దాలు దాటింది, తెలుగు డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో అది ఇంకా పెళ్లి శుభలేఖలు వేస్తూనే ఉంది. మారని సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పాత పుస్తకమే సరైన పుస్తకం.

వెబ్ డిజైన్: కళ్లకు కట్టే పుస్తకం, కాలం మింగిన అధ్యాయం

వెబ్ డిజైన్ పుస్తకాల్లో అందానికి జాన్ డకెట్ ‘హెచ్‌టీఎంఎల్ అండ్ సీఎస్ఎస్’ను మించినది అరుదు. ప్రతి పేజీ రంగుల్లో, ఒక్కో పేజీలో ఒక్కో సంగతి. భయపడేవాళ్లకు ధైర్యం ఇచ్చే పుస్తకం. కానీ అది వచ్చింది 2011లో. పేజీని నిలువు పట్టీలుగా విడగొట్టడానికి అందులో నేర్పే ‘ఫ్లోట్’ పద్ధతిని ఇప్పుడు ఆ పనికి దాదాపు ఎవరూ వాడరు. ఆ తర్వాత ఫ్లెక్స్‌బాక్స్ వచ్చింది. 2017లో ప్రధాన బ్రౌజర్లన్నీ గ్రిడ్‌ను అందుకున్నాయి. అందువల్ల ఆ పుస్తకంలో హెచ్‌టీఎంఎల్ అధ్యాయాలు, రంగులు, అక్షరాల అధ్యాయాలు హాయిగా చదువుకోవచ్చు. పేజీ అమరిక అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మూసి మొజిల్లా నిర్వహించే ఎండీఎన్ పేజీలు తెరవాలి. అవి ఉచితం. ఇంతకన్నా పాత పుస్తకాల్లో పేజీని టేబుళ్లతో కట్టడం, ‘ఫాంట్’ ట్యాగ్, ఫ్రేములు, ఫ్లాష్ యానిమేషన్ కనిపిస్తాయి. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో నూకలు చెల్లాయి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా పుస్తకాన్ని తూకానికి ఇచ్చేయవచ్చు.

ఏ పుస్తకంలోనూ సాధారణంగా కనిపించనిది ఒకటుంది: తెలుగు పేజీ చేయడం ఎలా? ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే వరసల ఎడం తెలుగుకు సరిపోదు. పైన గుడులు, కింద వత్తులు ఒకదానికొకటి తగులుకుంటాయి. వరసల మధ్య ఎడం పెంచాలి. పేజీ భాష తెలుగు అని బ్రౌజరుకు చెప్పాలి. యూనికోడ్ ఫాంటు వాడాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సురన్న వంటివి ఉచితంగా ఉన్నాయి. డీటీపీ అలవాటుతో అను అక్షరాలను అలాగే పేజీలో అతికిస్తే ఆ ఫాంటు లేని ఫోనులో పిచ్చి గీతలే కనిపిస్తాయి. తెలుగు అధికార భాష అయిన పట్టణంలో ఒక సంఘం ఆహ్వానపత్రమో, గుడి కమిటీ పేజీయో తెలుగులో చేసిపెట్టగలిగే పిల్లలకు ఇది పనికొచ్చే విద్య. ప్రస్తుతానికి దాన్ని నాలుగు చోట్ల నుంచి ఏరుకుని నేర్చుకోవలసిందే.

ఏ భాషలో చదవాలి?

‘తెలుగులో కంప్యూటర్ పుస్తకాలు లేవు’ అన్న మాట పూర్తిగా నిజం కాదు. నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన ‘కంప్యూటర్ ఎరా’ పత్రిక ఒక తరానికి విండోస్, ఆఫీస్, ఇంటర్నెట్ పరిచయం చేసింది. బజారులో సీ, జావా, హెచ్‌టీఎంఎల్ మీద తెలుగు పుస్తకాలు దొరికాయి, దొరుకుతున్నాయి. 2021–22 నుంచి ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు అనుమతించాక పాఠ్యపుస్తకాల అనువాదాలూ మొదలయ్యాయి, తెలుగు ఆ భాషల్లో ఒకటి. సమస్య వాటి సంఖ్యలో లేదు, వాటి భాషలో ఉంది. ఒక రకం పుస్తకంలో వేరియబుల్ ‘చలరాశి’ అవుతుంది. ఆ మాట ఎర్రర్ సందేశంలో కనిపించదు, ఇంటర్వ్యూలో వినిపించదు. మరో రకం పుస్తకంలో క్రియాపదం తప్ప అన్నీ ఇంగ్లిష్ మాటలే తెలుగు లిపిలో ఉంటాయి, వివరణ ఉండదు. రెండింటి మధ్య దారి ఒకటుంది, అమీర్‌పేట కోచింగ్ క్లాసుల్లో రోజూ వినిపించేది: పేర్లు ఇంగ్లిష్‌లో, ఎందుకు ఏమిటి అన్న సంగతి తేట తెలుగులో. ఆ క్లాసుల్లో పంచే జిరాక్స్ నోట్స్‌లో మాత్రం ఆ తెలుగు ఉండదు, పాయింట్లు మిగులుతాయి. అందుకే ఆ నోట్స్ విడిగా కొనుక్కుని చదివితే సగం కూడా ఎక్కదు.

ఖరగ్‌పూర్ పిల్లలకు లిపి సరిగా రాకపోయినా చెవికి తెలుగు బాగా వచ్చు కాబట్టి, వాళ్లకు అచ్చయిన తెలుగు పుస్తకం కన్నా వినిపించే తెలుగు ఉపయోగం. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు అచ్చంగా ఈ అవసరానికి సరిపోతాయి. ఒక్కోటి పది నిమిషాల పాఠం, తెర మీద ఇంగ్లిష్‌లోనే ప్రోగ్రాం, మాట మాత్రం తెలుగు సహా అనేక భారతీయ భాషల్లో. పాఠాన్ని ఆపి పక్కనే తాము అదే చేసి చూసుకునేలా వాటిని తయారుచేశారు. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాల రాతప్రతులను కూడా తెలుగుతో సహా పలు భాషల్లోకి అనువదించే పని సాగుతోంది. ఇంగ్లిష్‌లో ఒక సన్నని పుస్తకం, దానికి తోడుగా చెవికి తెలుగు: ఈ జోడీ ఒంటరి తెలుగు పుస్తకం కన్నా, ఒంటరి ఇంగ్లిష్ పుస్తకం కన్నా బాగా పనిచేస్తుంది. బెంగాలీలోనో హిందీలోనో వినడం సులువైతే అదీ సరే. ఈ ఊళ్లో దానికి మొహమాటం అక్కర్లేదు.

పుస్తకం అర్థమైందో లేదో చూసుకోవడానికి తెలుగే మంచి గీటురాయి కూడా. ‘తెలుగు’ అన్న మాటలో ఎన్ని అక్షరాలని అడిగితే ఎవరైనా మూడంటారు. పైథాన్ 3 ఆరంటుంది. గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తుంది కాబట్టి. యూటీఎఫ్-8లో రాసిన అదే మాటకు సీ భాషలోని పొడవు ఫంక్షన్ 18 అంటుంది. అది బైట్లను లెక్కిస్తుంది, ఒక్కో గుర్తుకు మూడు. మూడు, ఆరు, పద్దెనిమిది మూడూ సరైనవే ఎందుకయ్యాయో విద్యార్థి తన మాటల్లో చెప్పగలిగితే స్ట్రింగ్ అధ్యాయం వచ్చినట్టే. ఇంగ్లిష్ పేర్లతోనే ఉదాహరణలిచ్చే పుస్తకాల్లో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు.

కొనకముందు

మొదటి పుస్తకానికి డబ్బు పెట్టనక్కర్లేదు. అలెన్ డౌనీ ‘థింక్ పైథాన్’, ఆల్ స్వీగార్ట్ ‘ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్’, మరైన్ హావర్‌బెకె ‘ఎలక్వెంట్ జావాస్క్రిప్ట్’ రచయితలే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచినవి. టెలిగ్రామ్‌లో తిరిగే దొంగ పీడీఎఫ్‌ల కోసం వెతకడం నీతి సంగతి పక్కన పెట్టినా తెలివైన పని కాదు. వాటిలో చాలా వరకు పాత ఎడిషన్లే, పైన చెప్పిన ఇబ్బందులన్నీ వాటితో వస్తాయి. ఎక్సెల్ ఫైళ్లు, ఫోల్డర్లు, పదే పదే చేసే గుమాస్తా పనులు తెలిసినవాళ్లకు స్వీగార్ట్ పుస్తకం బాగా పడుతుంది. రైల్వే ఆఫీసుల్లో పనిచేసే పెద్దలకూ పనికొస్తుంది. ఎలక్వెంట్ జావాస్క్రిప్ట్ మాత్రం పేరుకు పరిచయ గ్రంథమే గానీ ఐదో అధ్యాయానికి ఊపిరాడనివ్వదు. రెండో పుస్తకంగా ఉంచుకోవడం మంచిది.

సీతోనే మొదలుపెట్టక తప్పనివాళ్లకు, అంటే డిప్లొమా, ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు, ఊళ్లోనే మంచి సాధనం ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అనుపమ్ బసు చెప్పిన ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ త్రూ ప్రోగ్రామింగ్ ఇన్ సీ’ 12 వారాల ఎన్‌పీటెల్ పాఠం. చూడటానికి పైసా ఖర్చు లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకునేవాళ్లే రుసుము కట్టాలి. దానికి తోడుగా బాలగురుస్వామి పుస్తకం కొత్త ఎడిషన్ ఒకటి ఉంటే అభ్యాసాలకు సరిపోతుంది. భాషలోని గారడీల కన్నా సమస్యను ముక్కలుగా విడగొట్టడం మీద నడిచే పాఠాలివి. పాత పుస్తకాల్లో లోటు సరిగ్గా అక్కడే.

ఐఐటీ గ్రంథాలయం ఆ సంస్థ విద్యార్థులు, అధ్యాపకుల కోసం. ఊరివాళ్లు వెళ్లి కూర్చునే చోటు కాదు. కానీ అదే సంస్థ నిర్మించి నడుపుతున్న నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్‌లో దేశానికంతటికీ తెరిచారు. ఎవరైనా ఉచితంగా సభ్యులు కావచ్చు. దాని గురించి అతిగా ఊహించుకోకూడదు. అది ప్రధానంగా ఎక్కడేముందో చూపించే సూచిక. బజారులో అమ్ముడయ్యే పుస్తకం పూర్తి పాఠం అందులో దొరకదు. కొన్ని లంకెలు చందా కట్టిన సంస్థలకే తెరుచుకుంటాయి. పాత ప్రశ్నపత్రాలకు, ఉపన్యాసాలకు, స్వేచ్ఛగా పంచుకునే పాఠ్యపుస్తకాలకు మాత్రం మంచి చోటు.

కొనేదేదైనా, మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, ఒక చిన్న ప్రోగ్రామును ఫోనులోని ఆన్‌లైన్ కంపైలర్‌లో టైపు చేసి చూడటం పది నిమిషాల పని. కాలేజ్ స్ట్రీట్ దుకాణదారులు విసుక్కోవచ్చు, విసుక్కోనివ్వాలి. ఉన్నదున్నట్టుగా నడిస్తే పుస్తకం బతికుంది. తర్వాత అధ్యాయాంతంలోని అభ్యాసాలు చూడాలి. ‘నిర్వచించండి, వివరించండి’ అన్నవే ఉంటే అది పరీక్ష పుస్తకం. ‘ఈ ప్రోగ్రామును ఇలా మార్చండి’ అన్నవి ఉంటే నేర్పే పుస్తకం. చివరి కాగితాల్లో కొన్నింటికైనా జవాబులుండాలి. అడగడానికి పక్కన మనిషి లేని ఇంట్లో జవాబుల్లేని పుస్తకం దిక్కులేనిది.

ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోను ఒక్కటే ఉంది అనేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు అచ్చు పుస్తకం ఇంకా ఎక్కువ అవసరం. ఫోను తెర మీద ఒకే సారి పాఠమూ ప్రోగ్రామూ పట్టవు. పుస్తకం పక్కన తెరిచి, ప్రోగ్రామును ముందు నోటుపుస్తకంలో చేత్తో రాసి, లూప్ ఒక్కో చుట్టుకు ఏ వేరియబుల్ విలువ ఎంతయిందో గడులు గీసి లెక్కవేసుకుని, ఆ తర్వాతే ఫోనులో నడిపి సరిచూసుకోవచ్చు. కంప్యూటర్లు కొరతగా ఉన్న రోజుల్లో విద్యార్థులు ప్రోగ్రామును ముందు కాగితం మీద తేల్చుకున్నాకే యంత్రం దగ్గరకు వెళ్లేవారు.